ఒకే తెర ఉన్న హాల్లో ఆరు ఫ్రెంచ్ సినిమాలు: బొమ్మ సరిగ్గా పడాలంటే ఏమేం చూసుకోవాలి?

#1 గోదారిగట్టు_గోపి
అందరికీ నమస్కారం. ఇంగ్లండ్‌లో ఒక చిన్న ఊరి స్వతంత్ర సినిమాహాలు. ఒకటే తెర, 110 సీట్లు, నేల చదును (వాలు లేదు). 2కే డిజిటల్ ప్రొజెక్టర్, 5.1 సౌండు. సెప్టెంబరు 19 నుంచి అక్టోబరు 24 దాకా ఆరు శనివారాలు, రాత్రి 7:30 ఆట, ఆదివారం ఉదయం 11కి అదే బొమ్మ మళ్ళీ. ఫ్రెంచి భాష అంటే ఒక్క ఫ్రాన్సే కాదని చూపించేలా జాబితా వేశాం:

లే కాత్ర్ సాన్ కూ (త్రుఫో, 1959)
క్లెయో ద సాంక్ ఆ సెత్ (వర్దా, 1962)
లా నువార్ ద... (సెంబెన్, సెనెగల్, 1966)
జాన్ దియెల్మాన్ (అకెర్మాన్, బెల్జియం, 1975)
మామీ (దోలాన్, కెనడాలోని కెబెక్, 2014)
అనతోమీ ద్యూన్ షూత్ (త్రియే, 2023)

సినిమాల ఎంపిక గురించి కాదు, ప్రదర్శన గురించి అడుగుతున్నా. బూత్‌లో వాలంటీర్లు ఉంటారు. ఎక్కడెక్కడ తప్పు జరుగుతుందో ముందే చెప్పండి.

#2 రీలుబండి
గోపి గారూ, జాబితా బావుంది. కానీ గమనించారో లేదో, ఆరు సినిమాలకు దాదాపు ఆరు రకాల ఫ్రేములు. దాని సంగతి సత్య గారు ఎలాగూ రాస్తారు. నేను ఫైళ్ళ దగ్గర మొదలుపెడతా.

డిస్ట్రిబ్యూటర్ నుంచి వచ్చేది డీసీపీ, అంటే హాళ్ళ కోసం తయారుచేసిన డిజిటల్ సినిమా ప్యాకేజీ. హార్డ్‌డిస్కులోనో, నెట్ ద్వారానో వస్తుంది. రెండు గంటల సినిమా సుమారు 150 నుంచి 250 జీబీ. యూఎస్‌బీ 2 పోర్టుకు తగిలిస్తే సెకనుకు పాతిక, ముప్ఫై ఎంబీ మించి రాదు, అంటే 200 జీబీ సర్వర్లోకి ఎక్కడానికి రెండు గంటలు. 7:30 ఆటకు 6:30కి డిస్కు తగిలించిన వాళ్ళకి బొమ్మ పడదు. గురువారానికల్లా ఎక్కించేయండి.

ఎన్‌క్రిప్షన్ ఉంటే కేడీఎం అనే తాళంచెవి ఫైలు విడిగా మెయిల్లో వస్తుంది. అది మీ సర్వర్‌కి, ఆ సినిమాకి, ఆ తేదీలకి మాత్రమే పనిచేస్తుంది. మామూలుగా జరిగే పొరపాట్లు మూడు. ఒకటి, సర్వర్ మీడియా బ్లాక్ (తాళం తెరిచే భాగం) రిపేరుకి పోయి కొత్తది వచ్చి ఉంటుంది, డిస్ట్రిబ్యూటర్ దగ్గర మాత్రం పాత సీరియల్ నంబరే ఉంటుంది; తాళం తెరుచుకోదు. బుక్ చేసేటప్పుడే సర్వర్ తయారీ, మోడల్, సీరియల్ నంబరు మళ్ళీ పంపండి. రెండు, చెవి శనివారం సాయంత్రం నుంచే చెల్లేలా వస్తుంది, అప్పుడు ముందురోజు పరీక్షించలేరు. శుక్రవారం ఉదయం నుంచి కావాలని నోరు తెరిచి అడగండి, ఇస్తారు. మూడు, ఆదివారం ఆట సంగతి చెప్పడం మరిచిపోవడం. శనివారం అర్ధరాత్రికి చెవి చచ్చిపోతే ఆదివారం ఉదయం ఫోన్ ఎత్తేవాడు ఉండడు.

పాత సినిమాల డీసీపీలు కొన్నింటికి తాళం ఉండదు. ఉందో లేదో అడిగి రాసిపెట్టుకోండి. "చెవి రాలేదు" అని కంగారు పడే వాళ్ళలో కొందరికి అసలు చెవే అక్కర్లేదు.

పరీక్ష అంటే మొదటి నిమిషం చూసి లేచిపోవడం కాదు. మొదటి అయిదు నిమిషాలు, మధ్యలో మాటలున్న ఒక సీను, చివరి రీలులో ఒక ముక్క. సబ్‌టైటిల్స్ మూడుచోట్లా రావాలి.

#3 తెరముందు_సత్య
ఫ్రేముల లెక్క ఇది. డీసీపీకి ఉన్నవి ప్రధానంగా రెండు పెట్టెలు: ఫ్లాట్ 1998×1080, స్కోప్ 2048×858. ఏ సినిమా అయినా ఈ రెంటిలో ఒకదానిలో కూర్చోవాలి.

త్రుఫో సినిమా డయాలిస్కోప్ అనే వెడల్పు తెర పద్ధతి, 2.35 (అంటే ఎత్తుకి వెడల్పు 2.35 రెట్లు; కింది అంకెలన్నీ ఇలాగే). స్కోప్ పెట్టెలో పక్కల సన్నటి నల్లచారలు తప్ప ఇబ్బంది లేదు. వర్దా, అకెర్మాన్‌వి 1.66. అప్పట్లో ఫ్రాన్స్, బెల్జియం వైపు వెడల్పు తెర అంటే చాలావరకు అదే. ఫ్లాట్ పెట్టెలో 1.66 బొమ్మ వెడల్పు దాదాపు 1793 పిక్సెళ్ళు, అటూ ఇటూ వంద చొప్పున నలుపు. సెంబెన్‌ది 1.37, వెడల్పు 1480. త్రియే సినిమా నిండు 1.85.

మీ తెర పక్కల నల్లగుడ్డ జరిపే ఏర్పాటు ఉంటే 1.66కి ఒకటి, 1.37కి ఒకటి మాక్రో (ఒక్క బటన్‌తో ఆ కొలతకి వెళ్ళేలా ముందే రాసే ఆదేశం) కొత్తగా రాసి పెట్టండి. చాలా హాళ్ళలో ఫ్లాట్, స్కోప్ రెండే ఉంటాయి. ఆపరేటర్‌కి "నల్ల చారలు బాలేవు" అనిపించి జూమ్ చేస్తాడు, పైనా కిందా తలలు, సబ్‌టైటిల్స్ పోతాయి. జూమ్ ముట్టుకోవద్దని బూత్‌లో కాగితం అంటించండి.

మామీ వేరే కథ. బొమ్మ చదరం, 1:1. గుడ్డను చదరానికి మూసేయాలని చెయ్యి లాగుతుంది. మూయొద్దు! సినిమా మధ్యలో కుర్రాడు రెండు చేతులతో ఫ్రేమును పక్కలకి నెడతాడు, బొమ్మ నిండు వెడల్పుకి తెరుచుకుంటుంది. మీరు గుడ్డ మూసి ఉంటే సినిమా మొత్తంలో అందరూ గుర్తుపెట్టుకునే ఆ క్షణం గుడ్డ మీద పడుతుంది. గుడ్డ ఫ్లాట్ దగ్గరే ఉంచండి, మొదటి నుంచి చివరిదాకా.

ఇంకోటి. క్లెయో మొదట్లో టారో కార్డుల సీను రంగుల్లో ఉంటుంది, ఆ తర్వాత నలుపు తెలుపు. రంగు పోయిందని వాలంటీర్ సర్వర్ రీస్టార్ట్ చేయకుండా ముందే చెప్పండి.

#4 గోదారిగట్టు_గోపి
ధన్యవాదాలు సత్య గారూ, మామీ విషయంలో సరిగ్గా ఆ పొరపాటే చేయబోయాం. ఒక సందేహం. త్రియే సినిమాకి రెండు ఫోల్డర్లు వచ్చాయి. ఒకటి 190 జీబీ, పేరు చివర ఓవీ. రెండోది చిన్నది, ఒక జీబీ కూడా లేదు, చివర వీఎఫ్. వీఎఫ్ అంటే ఫ్రెంచి డబ్బింగ్ కదా? మాకు అక్కర్లేదని తీసేయమంటారా?

#5 రీలుబండి
తీసేయొద్దు! ఇది ఫ్రెంచి సినిమాలతో మాత్రమే వచ్చే తిరకాసు. పారిస్ హాలు ముందు బోర్డు మీద వీఎఫ్ అంటే వెర్సియోఁ ఫ్రాంసేజ్, అంటే ఫ్రెంచిలోకి డబ్ చేసింది. డీసీపీ పేరులో వీఎఫ్ అంటే వెర్షన్ ఫైల్. అసలు బొమ్మ, శబ్దం ఓవీలో, అంటే ఒరిజినల్ వెర్షన్‌లో ఉంటాయి. వీఎఫ్‌లో ఉండేది మీ దేశానికి కావలసిన తేడా మాత్రమే, ఇక్కడ ఇంగ్లీషు సబ్‌టైటిల్స్. రెండూ ఎక్కించాలి, ప్లేలిస్టులో వీఎఫ్ పెట్టాలి, చెవి కూడా వీఎఫ్ పేరు మీద ఉందో లేదో చూడాలి. ఓవీని ప్లే చేస్తే ఫ్రెంచి వినబడుతుంది, కింద ఒక్క అక్షరం రాదు.

పేరులో భాషల గడి చూడటం నేర్చుకోండి. మొదటిది మాటల భాష, గీత తర్వాతది సబ్‌టైటిల్ భాష. గీత తర్వాత ఎక్స్ఎక్స్ ఉంటే సబ్‌టైటిల్స్ లేవు. సబ్‌టైటిల్ కోడు చిన్న అక్షరాల్లో ఉంటే బొమ్మలోనే అచ్చయిపోయాయని అర్థం, పెద్ద అక్షరాల్లో ఉంటే సర్వరో ప్రొజెక్టరో అప్పటికప్పుడు వేస్తాయి. రెండో రకంలోనే తంటాలు.

#6 మాంట్రియల్_మురళి
త్రియే సినిమాకి ఇంకో హెచ్చరిక. నాయిక జర్మన్, భర్త ఫ్రెంచివాడు, ఇంట్లో ఇద్దరూ ఇంగ్లీషు మాట్లాడుకుంటారు. కోర్టులో ఫ్రెంచితో మొదలుపెట్టి తట్టుకోలేక ఇంగ్లీషులోకి మారుతుంది. ఇంగ్లీషు మాటలకి సాధారణంగా సబ్‌టైటిల్ ఉండదు. అది పాడైపోవడం కాదు. పరీక్షించేటప్పుడు ఇంగ్లీషు సీను చూసి "రావట్లేదు" అని డిస్ట్రిబ్యూటర్ మీద పడకండి, ఫ్రెంచి సీను వెతికి చూడండి.

మామీకి మాత్రం ఉల్టా. అది కెబెక్ వీధి ఫ్రెంచి. ఫ్రాన్స్‌లోనే ఫ్రెంచి సబ్‌టైటిల్స్‌తో ఆడింది. మీ ఊళ్ళో ఫ్రెంచి టీచర్లు "మాకు సబ్‌టైటిల్స్ ఎందుకు, తీసేసి వేయండి" అంటే నవ్వి ఊరుకోండి.

#7 తెరముందు_సత్య
నేల చదును అన్నారు కదా గోపి గారూ. తెలుగు బొమ్మకి ముందు వరుసవాడి తల అడ్డొస్తే హీరో మోకాళ్ళు కనబడవు, అంతే. సబ్‌టైటిల్ సినిమాకి తల అడ్డొస్తే కథే కనబడదు. మూడో వరుసలో కూర్చుని తెర అడుగు నుంచి పదో వంతు ఎత్తులో ఏం కనిపిస్తుందో చూడండి, అక్షరాలు పడేది అక్కడే. కనబడకపోతే ఉన్న దారులు: సీట్లు కదిలేవైతే వరుస మార్చి వరుస అర సీటు పక్కకి జరపడం, మొదటి రెండు వరుసలు అమ్మకపోవడం, తెర పైన చోటుంటే బొమ్మను కాస్త పైకి ఎత్తడం. మూడోది చేస్తే లెన్స్ షిఫ్ట్‌తో (లెన్సునే పైకి జరిపి) చేయండి, ప్రొజెక్టర్‌ని వంచి కాదు. వంచితే బొమ్మ వాలుతుంది, అది దాచడానికి అంచులు కోస్తారు, కోతలో కింది లైను పోతుంది.

1.37 సినిమాకి అదనంగా ఒకటి. సర్వర్ వేసే సబ్‌టైటిల్ మొత్తం ఫ్లాట్ వెడల్పుని తనదే అనుకుంటుంది. పొడుగు లైను బొమ్మ దాటి నల్లచారలోకి వెళ్ళొచ్చు. గుడ్డను గట్టిగా 1480కి మూస్తే లైను మొదటి అక్షరం, చివరి అక్షరం గుడ్డలో కలుస్తాయి. సెంబెన్ సినిమా మొత్తం గంట చిల్లర. కూర్చుని పూర్తిగా ఒకసారి చూసేయండి, అవసరమైతే గుడ్డను కాస్త వదులుగా ఉంచండి.

#8 నల్లకుంట_నవీన్
మంచి చర్చ నడుస్తోంది. హైదరాబాద్‌లో మాది చిన్న ఫిల్మ్ సొసైటీ. ఇవే సినిమాలు తెలుగు సబ్‌టైటిల్స్‌తో వేయొచ్చా? ఇంగ్లీషు సబ్‌టైటిల్ ఫైలు నెట్‌లో దొరుకుతుంది, తెలుగులోకి మార్చి డీసీపీలో పెట్టేస్తే అయిపోదా అన్నా?

#9 మోడరేటర్
దొంగ ఫైళ్ళ లింకులు ఇక్కడ వద్దు. మిగతా చర్చ కానివ్వండి.

#10 ఉపశీర్షిక_ఉమ
నవీన్, అయిపోదు. రెండు అడ్డంకులు ఉన్నాయి, ఒకటి యంత్రానిది, ఒకటి భాషది. యంత్రానిది ముందు.

డీసీపీలో సబ్‌టైటిల్ రెండు రకాలుగా ఉండొచ్చు. అక్షరాలుగా రాసి ఫాంటు జత చేయడం ఒకటి, ప్రతి లైనునూ పీఎన్‌జీ బొమ్మగా చేసి పెట్టడం ఇంకొకటి. అక్షరాలుగా ఇస్తే వాటిని పేర్చే పని సర్వర్‌ది. చాలా సర్వర్లకి ఇంగ్లీషు అక్షరాలు వరసగా పేర్చడం తప్ప మన ఒత్తులు, గుణింతాలు కలపడం తెలీదు. "స్త్రీ" అని పంపితే సకారం, పొల్లు, తకారం, పొల్లు, రకారం విడివిడిగా గొలుసులా తెర మీద పడతాయి. కంప్యూటర్‌లో బాగానే కనిపిస్తుంది, హాల్లోనే బండారం బయటపడుతుంది. దానికి తోడు పాత ఇంటరాప్ రకం డీసీపీలో ఫాంటు ఫైలు 640 కేబీ దాటకూడదు. కాబట్టి తెలుగుకి పీఎన్‌జీయే దారి, లేదా బొమ్మలోనే అచ్చు వేయడం.

కానీ తాళం వేసిన డీసీపీలో మనం అచ్చు వేయలేం. పీఎన్‌జీలతో వెర్షన్ ఫైల్ తయారు చేసినా దానికి కొత్త చెవి కావాలి, అది హక్కుదారు ల్యాబ్ మాత్రమే ఇవ్వగలదు. అందుకే చిన్న సొసైటీలకి నేను చెప్పేది వేరే పద్ధతి. పెద్ద ప్రొజెక్టర్‌ని ముట్టుకోకుండా తెర కింద నల్లటి పట్టీ కట్టి, చిన్న ప్రొజెక్టర్‌తో ల్యాప్‌టాప్ నుంచి తెలుగు లైన్లు వేయడం. నల్ల బ్యాక్‌గ్రౌండ్ మీద తెల్ల అక్షరాలు, ఒక మనిషి సినిమా వింటూ ఒక్కో లైనూ నొక్కుతూ పోవాలి. ఫిల్మ్ ఫెస్టివళ్ళలో పాత ప్రింట్లకి ఇలాగే చేస్తారు. టైమ్‌కోడ్ మీద వదిలేయకండి. సినిమా రెండు సెకన్లు ఆలస్యంగా మొదలైతే చివరిదాకా రెండు సెకన్లు వెనకే ఉంటుంది. నొక్కే మనిషికి ఫ్రెంచి రాకపోయినా ఫరవాలేదు, కానీ సినిమాని కనీసం రెండుసార్లు ఆ లైన్లతో సాధన చేసి ఉండాలి. మాటలు ఎక్కువున్న సినిమాకి లైన్లు వెయ్యి దాటతాయి, ఇద్దరు మారుతూ చేస్తే మేలు. అయితే చిన్న ప్రొజెక్టర్ నలుపు నిజమైన నలుపు కాదు, బూడిద వెలుగు పట్టీ చుట్టూ వాలుతుంది. లెన్సు ముందు అట్టముక్క పెట్టి పట్టీ మేరకే వెలుగు వదలండి.

అనువాదానికి కూడా అనుమతి కావాలి. అడిగితే ఫ్రెంచి డైలాగ్ లిస్టు కూడా ఇస్తారు, అది ముఖ్యం.

#11 నల్లకుంట_నవీన్
ఉమ గారూ, డైలాగ్ లిస్టు ఎందుకండీ? మాలో ఫ్రెంచి వచ్చినోళ్ళు ఒక్కరే. ఇంగ్లీషు నుంచి చేస్తే నలుగురం పంచుకొని వారంలో చేసేస్తం.

#12 ఉపశీర్షిక_ఉమ
ఇంగ్లీషు నుంచి చేస్తే ఎక్కడ దెబ్బతింటారో చెప్తాను.

ఫ్రెంచిలో "తు" ఉంది, "వూ" ఉంది. ఇంగ్లీషులో రెండూ "యూ". మనకి నువ్వు, మీరు ఉన్నాయి, అంటే ఇంగ్లీషు పోగొట్టింది మనం తిరిగి తేగలం. కానీ అసలు మాట చూడకపోతే ఏది ఏదో ఎలా తెలుస్తుంది? సియామా తీసిన పోర్ట్రే ద లా జన్ ఫీయ్ ఆన్ ఫ (2019) చూడండి. ఇద్దరమ్మాయిలూ ఒకరినొకరు "వూ" అనుకుంటారు. విడిపోయే క్షణంలో వెనకనుంచి వినిపించే మాట "రతూర్న్ త్వా". అది "తు" రూపం. ఇంగ్లీషు లైనులో వెనక్కి తిరగమనే అర్థం తప్ప ఏమీ లేదు. తెలుగులో అప్పటిదాకా "మీరు" అని రాసి అక్కడ "వెనక్కి తిరుగు" అని రాస్తే చాలు, ప్రేక్షకుడికి తగులుతుంది. అక్కడ "తిరగండి" అని రాసినవాడికి సినిమా అందలేదన్నమాట.

అలాగని వూ కనబడిన చోటల్లా మీరు, తు కనబడిన చోటల్లా నువ్వు అని గుడ్డిగా మార్చినా తప్పే. ఫ్రెంచిలో పెద్దవాళ్ళ మధ్య మామూలుగా ఇద్దరూ ఒకే రూపం వాడతారు. మన పాత ఇళ్ళల్లో భార్య మీరు అంటుంది, భర్త నువ్వు అంటాడు. ఫ్రెంచి దంపతులు ఇద్దరూ తు అనుకుంటుంటే అలవాటుకొద్దీ భార్య చేత మీరు అనిపించారనుకోండి, ఆ సంసారం ప్యారిస్ నుంచి పామర్రుకి వచ్చేస్తుంది.

మూడో మనిషి దగ్గర కష్టం ఇటువైపు. "ఎల్" అంటే ఆమె, అంతే. మనం ఆమె, ఆవిడ, తను, అది అన్నవాటిలో ఒకటి ఎంచుకోవాలి. పాత్ర మనసులో ఆ మనిషికి ఎంత విలువ ఉందో తేల్చుకున్నాకే రాయగలం. "ఆన్" అనే చిన్న మాట ఇంకా చిక్కు. మాట్లాడే ఫ్రెంచిలో అది "మనం" కావొచ్చు, "మేము" కావొచ్చు, "జనం అంటారు" అనడం కావొచ్చు. ఇంగ్లీషులో "వుయ్" అయిపోతుంది. వింటున్న మనిషిని కలుపుకున్నారా, బయట పెట్టారా అన్నది తెలుగులో తేలాల్సిందే.

కోర్టు సీన్లకి ఒక మాట. అక్కడ జడ్జిని "మదామ్ లా ప్రెజిదాన్త్" అంటారు. దాన్ని "అధ్యక్షురాలు గారూ" అని రాస్తే హాలు గొల్లుమంటుంది. "జడ్జి గారూ" చాలు. లాయర్లని పిలిచే "మెత్ర్" మాస్టారు కాదు, "లాయరు గారూ".

ఇక లైను కొలతలు. ఇంగ్లీషుకి లైనుకి 40 అక్షరాల దాకా, రెండు లైన్లు, ఒక సెకను నుంచి ఆరేడు సెకన్ల దాకా నిలబడాలి అన్నది వాడుక. ఆ 40ని తెలుగుకి ఎత్తిపెట్టకండి. సాఫ్ట్‌వేర్ లెక్కపెట్టేది కోడ్‌లని. "స్త్రీ" మనకి ఒక్క అక్షరం, దానికి ఆరు. కాబట్టి "వేగం ఎక్కువైంది" అని ఎర్రగా చూపించేదాన్నంతా నమ్మొద్దు, గట్టిగా చదివి చూసుకోండి. ఒత్తులు కిందకి, గుడులు పైకి పోతాయి కాబట్టి లైన్ల మధ్య దూరం ఇంగ్లీషు కంటే మూడో వంతు ఎక్కువ పెట్టండి. ఫాంటు నోటో శాన్స్ తెలుగు లాంటి సాదాది. పెళ్ళి కార్డు ఫాంటులు వద్దు.

#13 మాంట్రియల్_మురళి
ఉమ గారు చెప్పినదానికి కొసరు: లా ఏన్ (1995) చేయాలనుకునే వాళ్ళకి వెర్లాన్ అనే తలకిందుల యాస తగులుతుంది. "ఫామ్" (ఆడమనిషి)ని తిరగేసి "మఫ్", "ఫ్లిక్" (పోలీసు)ని తిరగేసి "కఫ్". మాటను తిరగేయడం తెలుగులోనూ పిల్లలు సరదాకి చేస్తారు గానీ, రెండు లైన్లలో అది చేస్తే చదవలేరు. ఏదో ఒక ఊరి కుర్రకారు మాట తీరు ఎంచుకుని చివరిదాకా దానికే కట్టుబడండి.

#14 పారిస్_పావని
పక్కదారి పట్టించడం కాదు గానీ, ఇక్కడికి చదువుకోడానికి వచ్చే మన పిల్లలు తరచూ అడుగుతుంటారు కాబట్టి ఇక్కడే రాస్తున్నా. పారిస్‌లో కార్తియే లాతాన్ హాళ్ళు, షాంపో లాంటివి, మోంమార్త్ర్‌లో 1928 నుంచి ఉన్న స్తూదియో 28, బార్బెస్‌లో 2013లో మళ్ళీ తెరిచిన లూక్సోర్... వీటి బోర్డు మీద వీఓ అంటే విదేశీ సినిమా దాని సొంత భాషలో, ఫ్రెంచి సబ్‌టైటిల్స్‌తో. ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ అనుకుని వెళ్ళి జపాన్ సినిమాకి ఫ్రెంచి చదువుతూ కూర్చునేవాళ్ళు ప్రతి ఏడాదీ ఉంటారు. ఫ్రెంచి సినిమా ఫ్రెంచి సబ్‌టైటిల్స్‌తో కావాలంటే వినికిడి లోపం ఉన్నవాళ్ళ కోసం వేసే ఆటలు చూడండి. భాష నేర్చుకునే వాళ్ళకి అంతకంటే మంచి క్లాసు లేదు.

వారం అక్కడ బుధవారం మొదలై మంగళవారం ముగుస్తుంది, కొత్త సినిమాలు బుధవారమే పడతాయి. సోమవారం చూసిన టైమింగ్స్ గురువారానికి పనికిరావు. పెద్ద గొలుసు హాళ్ళ నెలవారీ కార్డులు చాలా స్వతంత్ర హాళ్ళలోనూ చెల్లుతాయి, నెలకి నాలుగు సినిమాలు చూసేవాళ్ళకి గిట్టుబాటు. గొలుసు హాళ్ళలో చెప్పిన టైముకి ప్రకటనలు మొదలవుతాయి, అసలు బొమ్మకి పావుగంట పడుతుంది. చిన్న హాళ్ళలో ఆ ధీమాతో వెళ్తే మొదటి సీను పోతుంది.

#15 రీలుబండి
గోపి గారికి సౌండ్ సంగతి. పాత మూడు నలుపు తెలుపు సినిమాలవీ మోనో. డీసీపీలో 5.1 అని రాసి ఉన్నా శబ్దం మధ్య స్పీకర్ నుంచే వస్తుంది. పక్క స్పీకర్లు చచ్చిపోయాయని ఎవరూ కేబుళ్ళు పీకకుండా చూడండి. పాత ట్రాక్‌లో పైస్థాయి గరగర ఉంటుంది, ఫేడర్ (సౌండు పెంచే, తగ్గించే మీట) కొత్త సినిమా కంటే అర పాయింటు నుంచి ఒక పాయింటు తక్కువ పెడితే చెవికి హాయి.

"ఎలాగూ చదువుతున్నారు కదా" అని మరీ తగ్గించడం మాత్రం వద్దు.

డీసీపీ దొరక్క బ్లూరే వేయాల్సి వస్తే: డిస్ట్రిబ్యూటర్ అనుమతి బ్లూరేకీ వేరుగా కావాలి. ఫ్రాన్స్‌లో అమ్మే డిస్కుల్లో చాలావాటికి ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ ఉండవు, అట్ట వెనక చదవండి. పాత పాల్ (యూరప్ టీవీ పద్ధతి) డీవీడీ అయితే 24 ఫ్రేముల సినిమా 25తో నడుస్తుంది, వంద నిమిషాలది 96లో అయిపోతుంది, గొంతులు కాస్త సన్నబడతాయి. త్రుఫో సినిమాకి అది చేయకండి, పిల్లాడి గొంతు ఇంకా పిల్లాడిదైపోతుంది.

#16 నల్లకుంట_నవీన్
జాన్ దియెల్మాన్ 201 నిమిషాలు అన్నా! ఇంటర్వెల్ లేకుంటే మా దగ్గర సగం మంది లేచిపోతరు. సమోసాలు అమ్ముకునేదెప్పుడు?

#17 తెరముందు_సత్య
ఇంటర్వెల్ ఇవ్వకపోవడమే న్యాయం. ఆ సినిమా పని చేసేదే కాలం గడవడం మీద. ఆలుగడ్డలు తొక్క తీయడం నువ్వూ కూర్చుని చూడాలి.

#18 రీలుబండి
సత్య గారూ, న్యాయం సరే, 110 మందిలో అరవై దాటినవాళ్ళు ఎందరో ఆలోచించండి. సినిమా మూడు రోజులుగా ఉంటుంది, రోజు ముగిసినప్పుడు తెర మీద కార్డు పడుతుంది. ఆపాలంటే అక్కడే ఆపండి, మధ్యలో ఇంకెక్కడా కాదు. డిస్ట్రిబ్యూటర్‌ని అడిగి ఆపండి, వద్దంటే ఆపొద్దు. ముందురోజు పరీక్షలో ఆ కార్డు ఏ నిమిషంలో పడుతుందో రాసుకుని, మనిషి చేత్తో పాజ్ నొక్కాలి. హాలు లైట్లు మెల్లగా. ఇంటర్వెల్ ఉందని టికెట్ మీదే రాస్తే, మధ్యలో తలుపు తెరుచుకునే చప్పుళ్ళు తగ్గుతాయి.

#19 తెరముందు_సత్య
రోజు కార్డు దగ్గరంటే ఒప్పుకుంటా. సమోసా కాగితం చప్పుడికి ఒప్పుకోను.

#20 పారిస్_పావని
నవీన్ గారూ, మీ వైపు అనుమతుల సంగతి. ఫ్రెంచి ప్రభుత్వ సాంస్కృతిక విభాగం ఆన్‌స్టిత్యూ ఫ్రాంసేకి లాభాపేక్ష లేని ప్రదర్శనల కోసం హక్కులు తీసిపెట్టిన సినిమాల జాబితా ఒకటి ఉంది. ఫ్రెంచి నేర్పే సంస్థ అలియాన్స్ ఫ్రాంసేజ్ ద్వారా వెళ్ళొచ్చు, హైదరాబాద్‌లో శాఖ ఉంది. ముందు అక్కడ అడగండి, హక్కుల ఖర్చు చాలావరకు తప్పుతుంది. సెన్సార్ సర్టిఫికెట్ లేని విదేశీ సినిమాని ఫెస్టివల్‌గా వేయాలంటే 1952 సినిమాటోగ్రాఫ్ చట్టం సెక్షన్ 9 కింద కేంద్ర సమాచార, ప్రసార శాఖ నుంచి మినహాయింపు తీసుకోవాలి. అప్పుడు మామూలు టికెట్లు అమ్మడం కాదు, పేరు నమోదు చేసుకున్న డెలిగేట్లకే ప్రవేశం. పోస్టర్ అచ్చు వేయించేముందు ఇది తేల్చుకోండి.

గోపి గారికి ఇంగ్లండ్‌లో వేరు. పాత సినిమాలకి సాధారణంగా కనీస మొత్తం లేదా వసూళ్ళలో 35 శాతం, ఏది ఎక్కువైతే అది. ఆదివారం ఆట కూడా ఆ కనీస మొత్తంలోనే వస్తుందా, రెండో కనీసం కడతారా అన్నది మెయిల్లో రాయించుకోండి. అసలు బేరం అక్కడే ఉంది.

#21 గోదారిగట్టు_గోపి
అందరికీ ధన్యవాదాలు. మీరు చెప్పినవి కలిపి బూత్‌లో అంటించే కాగితం ఇలా తయారైంది, తప్పులుంటే దిద్దండి.

డిస్కు గురువారం ఎక్కించాలి. చెవి శుక్రవారం ఉదయం నుంచి ఆదివారం రాత్రి దాకా. పరీక్ష శుక్రవారం సాయంత్రం, మూడుచోట్ల. గుడ్డ: త్రుఫో స్కోప్, వర్దా, అకెర్మాన్ 1.66, సెంబెన్ 1.37 కాస్త వదులుగా. దోలాన్, త్రియే ఫ్లాట్. త్రియేకి ప్లేలిస్టులో వీఎఫ్. జూమ్ ముట్టుకోరాదు. మొదటి రెండు వరుసలు అమ్మం. అకెర్మాన్‌కి రెండో రోజు కార్డు దగ్గర 15 నిమిషాల విరామం, అనుమతి అడిగాం, జవాబు రావాలి.

#22 రీలుబండి
చాలావరకు సరిగ్గా ఉంది. ఒక్కటి జోడించండి. మీ చివరి శనివారం అక్టోబరు 24 కదా. ఇంగ్లండ్‌లో అక్టోబరు చివరి ఆదివారం తెల్లవారుజామున రెండింటికి గడియారాలు గంట వెనక్కి పోతాయి, అంటే సరిగ్గా మీ రెండు ఆటల మధ్య. సర్వర్ లోపలి గడియారం ఎప్పుడూ యూటీసీయే (మారని ప్రపంచ ప్రామాణిక సమయం), చెవి దానికే కట్టుబడి ఉంటుంది, దానికి ఇబ్బంది లేదు. ఇబ్బంది ఆటోమేటిక్ షెడ్యూల్‌తో. పాత సాఫ్ట్‌వేర్ కొన్ని ముందురోజు పెట్టిన 11 గంటల ఆటని మారిన టైములో 10కే మొదలుపెట్టేస్తాయి, ఖాళీ హాల్లో త్రియే సినిమా గంట ఆడేస్తుంది. ఆ ఆదివారానికి షెడ్యూల్ తీసేసి చేత్తో ప్లే నొక్కమనండి. బూత్ గోడ గడియారం కూడా శనివారం రాత్రే తిప్పి వెళ్ళమనండి.

#23 గోదారిగట్టు_గోపి
రాసేశాను. గడియారం తిప్పే పని, తాళం వేసే వాలంటీర్ పేరు మీద పెట్టాం.